పల్లెపాటకు పట్నపు కోక

1999 వేసవిలో అమెరికానుండి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు రెండు సీడీలు వెంట తెచ్చినాడు. రెండింటిమీదా ఒకే గాయని పేరు, ఒకే సంపుటి పేరు. ఒకటి అతడు అక్కడ తనకై కొనుక్కొన్నది. రెండవది దారిలో లండనులో విమానం మారేటప్పుడు ఒక స్నేహితుని కోసం కొన్నది. "రెండూ ఒకటే గదా, ఒకటి ఇక్కడ వదలిపో" అన్నాను. "ఒకటి కావు మామయ్యా, విని చూడండి" అన్నాడు.

ఆ సాయంత్రం మా పొరుగువారైన సంగీతం మాస్టారు కూడ మా యింటనే ఉన్నారు. ఆయన ఫిడేలు విద్వాంసులు. ఇంగ్లీషు పాటలమీద ఆయనకు ద్వేషమూ లేదు, ప్రేమా లేదు. సంపుటి పేరు 'కమాన్ ఓవర్' అని చెప్పగా, "కమానా? అయితే ఫిడేలు ఉండవలసినదే" అని నవ్వినారు. నిజంగానే ఉన్నది. మొదటి సీడీలో ఫిడేలు విని, "కుర్రవాడెవడో చెయ్యి బాగా తిరిగినవాడే" అని మెచ్చుకొన్నారు కూడ. రెండవ సీడీ మొదలైన కొంతసేపటికి మాత్రం ఆయన ముఖం మారినది. "ఈ పాటలు ఇందాక విన్నవే. ఆ ఫిడేలు వాయించినాయన ఏడీ? ఇంటికి వెళ్ళిపోయినాడా?" అని అడిగినారు.

ఆ ప్రశ్నకు ఆనాడు నావద్ద జవాబు లేదు. తరువాత కొంత చదివి, కొంత విని తెలుసుకొన్న సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆ గాయని పేరు షనాయా ట్వెయిన్. కెనడా దేశస్థురాలు. 'కమాన్ ఓవర్' అంటే 'ఇలా రండి' అని పిలుపు. 1997 నవంబరు 4వ తేదీన అమెరికాలో వెలువడిన ఈ సంపుటిలో పదహారు పాటలున్నవి. పదహారింటినీ ఆమె, ఆనాటి ఆమె భర్త రాబర్ట్ జాన్ లాంగ్ కలిసి రచించినారు. లాంగునే సంగీతలోకం 'మట్' లాంగ్ అని పిలుస్తుంది. ఈ పదహారు పాటలలో పన్నెండు విడివిడిగా కూడ వెలువడినవి. ప్రపంచం మొత్తంమీద నాలుగు కోట్ల ప్రతులు అమ్ముడుపోయినవని లెక్క. సినిమా పాటల సంపుటులను పక్కన పెడితే, ఒక గాయని ఒంటిగా పాడినవాటిలో ఇంతకు మించి అమ్మినది మరొకటి లేదు. వింత ఏమంటే, అమెరికాలోని కంట్రీ సంపుటుల పట్టికలో యాభై వారాలు ప్రథమస్థానంలో నిలిచిన ఈ సంపుటి, అన్ని రకాల సంగీతానికీ కలిపి వేసే పెద్ద పట్టికలో రెండవస్థానం దాటి ఒక్క వారమైనా పైకి పోలేదు.

'కంట్రీ' అనే మాటకు పల్లె అని అర్థం. అమెరికా ఆగ్నేయ భాగంలోని కొండపల్లెలలో పుట్టిన పాటకు అది పేరైనది. స్కాట్లండు, ఐర్లండు ప్రాంతాలనుండి వలస వచ్చినవారు తమవెంట ఫిడేలును, కథాగేయాలను తెచ్చుకొన్నారు. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారు తమ దేశపు వాద్యాలను జ్ఞాపకం చేసుకొని బాంజోను చేసినారు. స్టీల్ గిటారు హవాయి దీవులనుండి వచ్చినది. 1925లో నాష్‌విల్ నగరపు రేడియోలో ఆరంభమైన వారపు కచేరీ 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' ఈ పాటకు కొలువుకూటమైనది. 1927లో రాల్ఫ్ పీర్ అనే ఆయన బ్రిస్టల్ అనే ఊరిలో యంత్రం నెలకొల్పి, కార్టర్ కుటుంబంవారినీ, జిమ్మీ రోజర్సునూ రికార్డు చేసిన నాటినుండి అది అంగడికెక్కినది. ఇంతకూ స్వచ్ఛమైన పల్లెపాట అని అక్కడివారు చెప్పుకొనేది మూడు ఖండాల సరుకు, ఒక సముద్రద్వీపపు తీగ కలిసి వండిన వంటకం. ఈ సంగతి ముందు మనకు అవసరమవుతుంది.

ఈ వాద్యాలు మనకు దూరపువి కావు. బాలుస్వామి దీక్షితులవారి కాలంనుండి ఫిడేలు దక్షిణదేశ సంగీతంలో కుదురుకొన్నది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది గాత్రంతో సమానమైన గౌరవం పొందినది. మనం కూర్చుండి, ఫిడేలు తలను పాదానికి ఆనించి రాగాలాపన చేస్తాము. వారు నిలబడి నాట్యానికి వాయిస్తారు. చెక్క అదే, తీగలూ అవే. ఇక స్టీల్ గిటారు సంగతి గోటువాద్యం చూచినవారికి వివరించనక్కరలేదు. వ్రేళ్ళతో మెట్లు నొక్కక, తీగల మీద నున్నని కడ్డీని జార్చుతూ వాయించే పద్ధతి రెండింటిదీ ఒకటే. స్వరానికీ స్వరానికీ మధ్య తెంపు లేదు. అందుచేతనే దుఃఖపు పాటలో దానిని మించిన తోడు లేదు. గొంతు ఆగినచోట అది అందుకొంటుంది.

ఇప్పుడు గాయని సంగతి. ఆమె 1965 ఆగస్టు 28న ఒంటారియో రాష్ట్రంలోని విండ్సరులో జన్మించినది. పెట్టిన పేరు ఐలీన్. పసితనంలోనే తలిదండ్రులు విడిపోయినారు. తల్లి పిల్లలను తీసుకొని ఉత్తరాన ఉన్న టిమ్మిన్సు అనే గనుల ఊరికి చేరినది. అక్కడ ఓజిబ్వే తెగకు చెందిన జెర్రీ ట్వెయిన్‌ను వివాహమాడినది. ఆయన పిల్లలను దత్తు చేసుకొని తన యింటిపేరు ఇచ్చినాడు. ఇంట పేదరికం చెప్పనలవి కానిది. మధ్యాహ్నం తినడానికి ఏమీ లేకుండా బడికి పోయిన రోజులను ఆమె పెద్దయిన తరువాత తన ఆత్మకథలో వ్రాసుకొన్నది. బడిపిల్లలను ఎరిగిన మనకు ఆ పుటలు చదవడం కష్టం.

ఎనిమిదేళ్ళ వయసులోనే ఆమె ఆ ఊరి బార్లలో పాడడం మొదలుపెట్టినది. చట్టం ప్రకారం మద్యం అమ్మేవేళ పిల్లలు లోపల ఉండకూడదు. అందుచేత అర్ధరాత్రి అమ్మకం ముగిసేదాకా కాచుకొని, అప్పుడు తల్లి ఆమెను నిద్రలేపి తీసుకొనిపోయేది. సిగరెట్టు పొగలో, తాగినవారి ముందు, తెల్లవారితే బడికి పోవలసిన పిల్ల కంట్రీ పాటలు పాడేది. ఇంటిలో తగవులు. సవతి తండ్రి తల్లిమీద చేయి చేసుకొనేవాడు. 1979లో, ఆయన పనికి పోయిన వేళ చూచి, ఈ పదమూడేళ్ళ పిల్ల పట్టుపట్టగా, తల్లి పిల్లలందరినీ కారులో ఎక్కించుకొని వందల మైళ్ళ దూరాన ఉన్న టొరాంటోకు పోయి అనాథాశ్రయంలో తలదాచుకొన్నది. తరువాత మళ్ళీ ఆ యింటికే తిరిగివచ్చినారు. అదీ లోకంలో జరిగేదే.

1987 నవంబరు 1న కారు ప్రమాదంలో తల్లీ, సవతి తండ్రీ ఇద్దరూ మరణించినారు. అప్పటికి ఆమెకు ఇరువదిరెండేళ్ళు. తమ్ములనూ చెల్లెలినీ పోషించడానికి హంట్స్‌విల్ అనే ఊరి విశ్రాంతిభవనంలో, వచ్చిన అతిథుల ముందు రాత్రిపూట పాడే ఉద్యోగంలో చేరినది. పిల్లలు తమ కాళ్ళమీద నిలబడిన తరువాతనే నాష్‌విల్ ముఖం చూచినది. 'షనాయా' అనే పేరు పెట్టుకొన్నది అప్పుడే. అది ఓజిబ్వే మాట అని ప్రచారం చేసినారు. భాష తెలిసినవారిలో కొందరు ఒప్పుకోలేదు. 1996లో ఒక పత్రిక ఆమె కన్నతండ్రి సంగతి బయటపెట్టి, ఈమె ఆదివాసి ఎట్లు అవుతుందని ప్రశ్నించినది. తన్ను పెంచినవాడే తన తండ్రి అని ఆమె సమాధానం చెప్పినది.

ఆమె రక్తాన్ని గురించి పత్రిక అడిగిన ప్రశ్ననే, నాష్‌విల్ పెద్దలు ఆమె పాటను గురించి అడిగినారు. ఇది మన పాట అవునా, కాదా? పుట్టుక చేత అవుతుందా, పెంపకం చేత అవుతుందా?

1993లో వచ్చిన ఆమె మొదటి సంపుటి ఎవరి చెవినీ అంతగా పడలేదు. అందులో పాటలు చాలావరకు ఇతరులు వ్రాసినవి. ఆమె కలం పడినది ఒక్కదానిలోనే. కాని ఆ సంపుటి పడవలసిన చెవిని పడినది. మట్ లాంగ్ ఫోనులో ఆమెను పలుకరించినాడు. ఆయన పుట్టినది ఆఫ్రికాలో, నేటి జాంబియా దేశంలో. చేసినది ఏ.సీ.డీ.సీ., డెఫ్ లెపర్డ్ వంటి రాక్ బృందాల సంపుటులు. చెవులు చిల్లులు పడే సంగీతం అది. ఆయన ఎవరో ఆమెకు తెలియదు. వారాల తరబడి ఫోనులోనే పాటలు వినిపించుకొన్నారట. ఆ సంవత్సరాంతానికే పెండ్లి అయినది. ఆమె తాను వ్రాసి దాచుకొన్న పాటలను ఆయనకు వినిపించగా, ఇతరుల పాటలు ఎందుకు పాడుతున్నావని ఆయన అడిగినాడు. 1995లో ఇద్దరూ కలిసి చేసిన 'ది ఉమన్ ఇన్ మీ' అమెరికాలోనే కోటి ప్రతులు దాటినది. 'కమాన్ ఓవర్' దాని తరువాతిది.

ఆ పాటలలో ఏమున్నది? మొదట చెప్పవలసినది వాటి భాష. కవిత్వపు అలంకారాలు లేవు. గిన్నెలు కడుగుతూ మాట్లాడుకొనే మాటలు. ఒక పాటలో ఉద్యోగం చేసి అలసి యింటికి వచ్చిన ఇల్లాలు, కాళ్ళు పిసకమని, ఏదైనా చల్లగా తాగడానికి తెమ్మని భర్తకు పురమాయిస్తుంది. 'హనీ, ఐయాం హోం' అనే ఆ పాట పేరు పాత అమెరికా నాటకాలలో మగవాడు గుమ్మంలో అడుగుపెడుతూ అనే మాట. దానిని ఆడదాని నోట పెట్టడమే అందలి చమత్కారం. మరొక పాటలో తన అందమూ, తన కారూ, తన తెలివీ చూచుకొని మురిసిపోయే మగవారిని ఒక్కొక్కరినే చెవి మెలిపెట్టి పంపుతుంది. 'బ్లాక్ ఐస్, బ్లూ టియర్స్' అనే పాటలో దెబ్బలు తిన్న స్త్రీ, ఇక చాలునని గడప దాటుతుంది. 1979లో టొరాంటో దారిలో కారులో కూర్చున్న పదమూడేళ్ళ పిల్లను ఎరిగినవారికి ఆ పాట కేవలం పాట కాదు. గమనించవలసినది ఏమంటే, ఆమె దానిని ఏడుస్తూ పాడలేదు. తాళం చురుకుగా నడుస్తుంది. పోయేవారి అడుగు అది.

స్త్రీ ఎదురు మాటాడడం కంట్రీ పాటకు కొత్త కాదు. 1952లో, స్త్రీలను నిందించే ఒక మగవాని పాటకు కిట్టీ వెల్స్ ప్రత్యుత్తరంగా పాడిన పాటను కొన్ని రేడియోలు వేయమన్నవి. జనం మాత్రం ఆ పాటను కంట్రీ పట్టికలో ప్రథమస్థానానికి ఎక్కించినారు. ఒంటిగా పాడిన స్త్రీకి ఆ స్థానం దక్కడం అదే మొదలు. తరువాత లొరెట్టా లిన్, డాలీ పార్టన్ వచ్చినారు. ట్వెయిన్ ఆ వరుసలోనిదే. ఆమె కోపంలో నవ్వు పాలు కొంచెం ఎక్కువ, అంతే.

ఇక మా మాస్టారి ప్రశ్నకు వద్దాము. అమెరికాలో సంపుటి విజయం చూచిన తరువాత దానిని యూరపుకు పంపదలచినారు. అక్కడి శ్రోతలకు ఫిడేలు, స్టీల్ గిటారు వినగానే గుర్రాలు, గడ్డివాములు, అంచు టోపీలు స్ఫురిస్తవి. పాట వినకముందే ఇది మనది కాదని పక్కన పెడతారు. అందుచేత 1998లో అదే గొంతును, అవే పల్లవులను ఉంచి, చుట్టూ ఉన్న వాద్యాలను మార్చినారు. ఫిడేలును, స్టీల్ గిటారును తీసివేసినారు, లేదా వెనుకకు నెట్టినారు. ఆ చోట్ల మీటల వాద్యాలు, యంత్రపు తాళాలు వచ్చినవి. పాటల వరుస కూడ మారినది. అమెరికా ప్రతిలో గలగలలాడే 'మాన్! ఐ ఫీల్ లైక్ ఎ ఉమన్!' ముందు నిలవగా, విదేశపు ప్రతి 'యూ ఆర్ స్టిల్ ది వన్' అనే నిదానపు ప్రేమగీతంతో తలుపు తెరుస్తుంది. 1999లో బ్రిటనులో ఆ సంపుటి వారాల తరబడి ప్రథమస్థానంలో ఉన్నది. వ్యాపారులు వేసిన లెక్క తప్పలేదు.

నాష్‌విల్‌లో గొణుగుడు మొదలైనది. ఇది కంట్రీ కాదు, కంట్రీ టోపీ పెట్టుకొన్న పాప్ అన్నారు. ఒంటిమీది కోక మార్చినంత తేలికగా వాద్యాలను మార్చగలిగితే అవి మొదటినుండీ అలంకారాలే గాని అవయవాలు కావన్నారు. ఈ ఆక్షేపణ తీసివేయదగినది కాదు. దీనికి జవాబు చెప్పేముందు నాష్‌విల్ తన కథ తాను జ్ఞాపకం చేసుకోవలె. 1950ల చివరిలో రాక్-అండ్-రోల్ వచ్చి పడుచువారిని ఎత్తుకొనిపోగా, చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటి నాష్‌విల్ పెద్దలే ఫిడేలును, స్టీల్ గిటారును పక్కకు జరిపి, వయొలిన్ల బృందాన్నీ, వెనుకనుండి మెత్తగా పాడే గొంతులనూ తెచ్చినారు. అదే చెక్క, పల్లెలో ఫిడేలు, పట్నంలో వయొలిన్! 1961లో ప్యాట్సీ క్లైన్ పాడిన 'క్రేజీ' ఆ పద్ధతిలోనిదే. ఈనాడు ఆ పాటను కంట్రీ కాదనేవారు లేరు. తాత కట్టిన పట్నపు పంచెను పూజలో పెట్టుకొని, మనుమరాలి కోకను తప్పుపట్టడం న్యాయం కాదు. నాష్‌విల్ కూడ చివరకు మెత్తబడినది. 1999లో కంట్రీ సంగీత సంఘం తన అత్యున్నత బహుమానాన్ని ఆమెకిచ్చినది. అమెరికా పౌరులు కానివారికి అది దక్కడం అదే ప్రథమం.

నా మటుకు నేను రెండు ప్రతులనూ చాలాసార్లు విన్నాను. వాద్యం పోయినా పోనివి కొన్ని ఉన్నవి. మాట విరుపు పోలేదు. ఉత్తరపు గనుల ఊరిలో పెరిగిన గొంతు, దక్షిణపు పల్లెపాటలో నేర్చిన పలుకుబడి పోలేదు. కథ చెప్పే తీరు పోలేదు. చివర ఒక చిన్న మాట తిప్పి నవ్వించే అలవాటు పోలేదు. కంట్రీ అంటే ఇవే అయితే, ఫిడేలు లేని ప్రతి కూడ కంట్రీయే. కాని పోయినది ఏమీ లేదని చెప్పలేను. 'యూ ఆర్ స్టిల్ ది వన్' పాట లోకం ఈసడించిన పెండ్లి నిలిచినదని సంతోషించే భార్యాభర్తల పాట. వయసులో తనకంటె చాలా పెద్దవాడైన లాంగును చేసుకొన్నందుకు లోకం అన్న మాటలే దానికి మూలం. అమెరికా ప్రతిలో ఆ సంతోషం వెనుక స్టీల్ గిటారు సన్నగా జారుతూ ఉంటుంది. గొంతు నిలిచినదని అంటుంది. తీగ, నిలుస్తుందా అని అడుగుతుంది. విదేశపు ప్రతిలో గొంతు మాత్రమే ఉన్నది. అడిగేవారు లేరు. 2008లో ఆ దంపతులు విడిపోయినారు. తరువాత కూడ ఆమె ఆ పాటను వేదికలమీద పాడడం మానలేదు. అప్పటినుండి నాకు ఆ తీగ ఉన్న ప్రతియే నిజమనిపిస్తుంది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 2003లో ఒక పురుగు కాటువల్ల సోకిన లైం వ్యాధి ఆమె గొంతును దెబ్బతీసినది. చాలా ఏండ్లు కొత్త సంపుటి లేదు. 2017లో 'నౌ' అనే సంపుటితో తిరిగివచ్చినది; గొంతుకు శస్త్రచికిత్స కూడ జరిగినది. ఇక కంట్రీ ఎవరిది అన్న తగవు మాత్రం ముగియలేదు. 2024లో నల్లజాతి గాయని బియాన్సే 'కౌబాయ్ కార్టర్' సంపుటి తెచ్చినప్పుడు అవే ప్రశ్నలు మళ్ళీ లేచినవి. బాంజో ఎక్కడనుండి వచ్చినదో మరచినవారే ఎక్కువగా అడిగినారు. ఆ సంపుటికి 2025లో గ్రామీ బహుమానాలలో ఉత్తమ సంపుటి, ఉత్తమ కంట్రీ సంపుటి అనే రెండు గౌరవాలూ దక్కినవి.

మా మాస్టారి విషయంలో ఒక్క సంగతి మిగిలినది. 'కమాన్ ఓవర్' తరువాత, 2002 నవంబరులో ట్వెయిన్ 'అప్!' అనే సంపుటి తెచ్చినది. అందులో పంతొమ్మిది పాటలు. ఈసారి దాచుకొనడం మాని, పాటలన్నింటినీ మూడు వేషాలలో బాహాటంగా అమ్మినారు. ఆకుపచ్చ సీడీలో కంట్రీ, ఎర్రదానిలో పాప్. నీలిదానిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నివాసులు, భారతసంతతివారైన సైమన్, డైమండ్ దుగ్గల్ అనే సోదరులు కూర్చిన మన దేశపు బాణీ వాద్యాలు. అమెరికావారికి ఎరుపు, ఆకుపచ్చ దక్కినవి. తక్కిన ప్రపంచానికి ఎరుపు, నీలం. అంటే పల్లెపాట అక్కడివారికే ఉంచి, మన సరుకును మనకు పంపినారన్నమాట.

నీలి సీడీ కొని మాస్టారిని పిలిచినాను. ఆయన అప్పటికి పెద్దవారైనారు. చేయి వణుకుతున్నదని కచేరీలు మానుకొన్నారు. తొడమీద తాళం వేసుకొంటూ మూడు పాటలు విన్నారు. "లయ బాగానే ఉన్నది" అన్నారు. ఇంకొక పాట విన్నారు. తరువాత, "మీ మేనల్లుడు మొదట ఒకటి తెచ్చినాడు చూడండి, కమాను పేరుది. అది ఉన్నదా?" అని అడిగినారు.

ఉన్నది. వెదకి తీసి పెట్టినాను. ఫిడేలు వచ్చినచోటల్లా ఆయన కుడిచేయి ఒడిలోనుండి కొంచెం పైకి లేచి, లేని కమానును అటూ ఇటూ లాగుతూనే ఉన్నది.